సిగ్నల్ దగ్గర హీట్ ఎక్కే ఇంజను, లంబసింగిలో వేడెక్కని హీటరు: హెడ్ విప్పే ముందు ఏం చూడాలి

మీ సమస్యను ముందు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, చదివే మిగతావాళ్లకీ తెలుస్తుంది. ఖమ్మంలో తిరిగే 2015 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, లక్ష కి.మీ. దగ్గర పడింది. ఎండాకాలం ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంది, హైవే ఎక్కగానే దిగిపోతుంది. ఏసీ కూడా అంతే, పోతుంటే చల్లగా ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఉక్కపోత. ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, రేడియేటర్‌కి పోయే దారిని తెరిచి మూసే వాల్వు) పీకేశాడు. ఇంకొకరు ఏసీ గ్యాస్ రెండుసార్లు పట్టించారు. డిసెంబరులో లంబసింగి వెళ్తే హీటర్ వేడి గాలి ఇవ్వలేదు, మైలేజీ కూడా పడిపోయింది. ఇప్పుడు మూడో మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ, కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందంటున్నాడు, హెడ్ విప్పించాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే విప్పించకండి. మీకు ఇన్ని జబ్బుల్లా కనిపిస్తున్నవి నా లెక్కలో రెండే. ఒకటి, రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదు, లేదా తిరగాల్సినంత స్పీడుగా తిరగడం లేదు. రెండోది మొదటి మెకానిక్ తీసేసిన థర్మోస్టాట్. హెడ్ గ్యాస్కెట్ అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయను గానీ మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది వరసలో చివరిది. అది పోయిందో లేదో తేల్చే పరీక్షలకు హెడ్ విప్పక్కర్లేదు, ఖర్చూ కొన్ని వందల్లోనే.

ఎందుకలా అంటున్నానో చెప్తాను. హీట్ ఎక్కే బండి వచ్చినప్పుడు నేను మొదట అడిగేది ఒకటే, ఎప్పుడు ఎక్కుతోంది? బండి 60, 80లో పోతున్నప్పుడు గాలి దానంతట అదే రేడియేటర్‌కి కొడుతుంది. అప్పుడు ఫ్యాన్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. ఆగినప్పుడు, పాకుతున్నప్పుడు గాలి లాగడానికి ఫ్యాన్ తప్ప దిక్కు లేదు. కాబట్టి ఆగితే ఎక్కి, పోతే దిగుతోందంటే అది గాలికి సంబంధించిన తేడా. దీనికి రివర్సులో, ట్రాఫిక్‌లో బాగానే ఉండి హైవే మీద, ఘాట్‌లో, బరువు మీద హీట్ ఎక్కుతుంటే కూలెంట్ తిరగడంలో తేడా. రేడియేటర్ లోపల పూడిపోవడం, వాటర్ పంపు రెక్కలు అరిగిపోవడం, థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడం, హెడ్ గ్యాస్కెట్, ఇవన్నీ ఆ కోవలోకి వస్తాయి. ఇక పొద్దున స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాలకే ముల్లు ఎర్ర గీత వైపు పోతోందంటే థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుపోయి ఉండాలి, లేదా లోపల కూలెంటే లేకపోయి ఉండాలి.

హెడ్ గ్యాస్కెట్ పోయిన ఇంజన్‌కి లోడ్ పెరిగితే ఇంకా ఎక్కువ హీట్ ఎక్కాలి. మీ బండి హైవే మీద చల్లబడుతోంది. పైగా ఏసీ కూడా సరిగ్గా అదే సమయానికి చేతులెత్తేస్తోంది. ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే కండెన్సర్ ఉండేది రేడియేటర్‌కి ముందే, రెండింటికీ గాలి లాగేది అదే ఫ్యాన్. కొన్ని మోడళ్లలో రెండు ఫ్యాన్లు ఉంటాయి గానీ పని అదే. హెడ్ గ్యాస్కెట్ పోతే ఏసీ చల్లదనం పోవడానికి నేరుగా సంబంధం లేదు. ఫ్యాన్ పోతే రెండూ కలిసే పోతాయి.

ఫ్యాన్ తిరగనప్పుడు ఏసీలో ఏమవుతుందంటే, కండెన్సర్‌లో గ్యాస్ చల్లబడి ద్రవంగా మారదు. హై సైడ్ ప్రెషర్ అలా పెరిగి పెరిగి 30 బార్ దరిదాపులకు వస్తే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. మీకు లోపల ఉత్త బ్లోయర్ గాలి వస్తుంది. బండి కదిలి కండెన్సర్‌కి గాలి తగిలితే ప్రెషర్ దిగుతుంది, కంప్రెసర్ మళ్లీ అందుకుంటుంది. ఇది తెలియక "చల్లదనం లేదు" అనగానే గ్యాస్ పట్టిస్తారు. గ్యాస్ ఎక్కువైతే ఆ ప్రెషర్ ఇంకా త్వరగా పెరుగుతుంది, అంటే సమస్యకి ఆజ్యం పోసినట్టే. చిన్న కార్లలో పట్టేదే సుమారు అర కిలో గ్యాస్. ఎన్ని గ్రాములో బోనెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. మీకు పట్టించినవాళ్లు పాత గ్యాస్ తీసి, వ్యాక్యూమ్ పెట్టి, కాటా మీద తూచి ఎక్కించారా, గేజ్ చూస్తూ అందాజాగా ఎక్కించారా అన్నది కనుక్కోండి.

ఇప్పుడు ఇంట్లోనే చేయగల పరీక్ష. మధ్యాహ్నం ఎండలో బండిని ఇంటి ముందు ఆపి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ ఫుల్ పెట్టండి. బోనెట్ ఎత్తి చూడండి. ఏసీ వేసిన కాసేపటికి ఫ్యాన్ తిరగాలి. తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసి వదిలేయకండి, గాలి తగులుతోందా అని చూడండి. పాత ఇన్వాయిస్ కాగితం ఒకటి గ్రిల్ ముందు పెడితే ఫ్యాన్ బలంగా లాగుతుంటే అది కండెన్సర్‌కి అంటుకుపోవాలి. జారి కింద పడిందంటే ఫ్యాన్ మొక్కుబడిగా తిరుగుతున్నట్టు. చేతులు, చున్నీలు, లూజు చొక్కాలు దూరంగా ఉంచండి. ఇంజన్ ఆపేసినా కొన్ని బండ్లలో ఫ్యాన్ ఒక్కసారిగా అందుకుంటుంది.

తర్వాత సిగ్నల్ దగ్గరలాగే లోపల వేడి గాలి మొదలయ్యేదాకా ఆగండి. అప్పుడు ఒక లీటరు సీసా నీళ్లు గ్రిల్ సందుల్లోంచి కండెన్సర్ మీద మెల్లగా, అంతా తడిసేలా పోయండి. నిమిషంలోపు లోపల గాలి మళ్లీ చల్లబడితే గ్యాస్ బాగానే ఉంది, కంప్రెసర్ బాగానే ఉంది, లేనిదల్లా గాలి. నీళ్లు పోసినా తేడా లేకపోతే అప్పుడు గేజ్‌లు పెట్టించి గ్యాస్ సంగతి చూడాలి. ఈ పరీక్షలో నీళ్లు కండెన్సర్ మీదే పోయాలి, వేడెక్కిన ఇంజన్ బ్లాక్ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ కాదు.

ఫ్యాన్ అసలు తిరగలేదనుకోండి, ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంటు వదిలే స్విచ్). రిలే బాక్స్ మూత లోపలివైపు ఏది దేనిదో బొమ్మ ఉంటుంది, అదే రకం రిలే పక్కన ఇంకొకటి ఉంటే మార్చి పెట్టి చూడొచ్చు. రెండూ బాగుంటే ఫ్యాన్ మోటార్ కనెక్టర్ విప్పి చూడండి. లక్ష కి.మీ. తిరిగిన బండ్లలో తరచూ కనిపించేది ఇక్కడే. తెల్లని ప్లాస్టిక్ కనెక్టర్ ఒక పిన్ను చుట్టూ గోధుమ రంగుకి తిరిగి, కొంచెం కరిగి ఉంటుంది. ఆ పిన్ను లూజై, వేడెక్కి, కరెంటు సరిగా అందడం లేదని అర్థం. కనెక్టర్ మంచిదైతే మోటార్‌కి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇప్పించి చూడాలి. ఇచ్చినా తిరగక, స్క్రూడ్రైవర్ పిడితో మోటార్ వెనక రెండు దెబ్బలు వేయగానే తిరిగిందంటే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. అలాంటి మోటార్ మెకానిక్ దగ్గర తిరిగి, మీ ఇంటికి రాగానే ఆగిపోతుంది. "మా దగ్గర బానే తిరిగింది సార్" అనే మాట ఎక్కువగా ఈ మోటార్ల గురించే వినిపిస్తుంది. నేరుగా ఇస్తే గట్టిగా తిరిగి, మామూలుగా తిరగకపోతే వైరింగ్ చూడాలి, లేదా టెంపరేచర్ సెన్సర్. ఏసీ వేస్తే తిరిగి, ఏసీ లేకుండా ఇంజన్ వేడెక్కినప్పుడు తిరగకపోతే అనుమానం సెన్సర్ మీదికే పోతుంది. ఇక రెండు స్పీడుల ఫ్యాన్ అయితే రెసిస్టర్ కాలిపోయి ఒక స్పీడు పోయి ఉండొచ్చు.

ఫ్యాన్ గట్టిగానే తిరుగుతోందనుకోండి, అప్పుడు కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో టార్చి వేసి చూడండి. బయటి నుంచి కండెన్సర్ శుభ్రంగా కనిపిస్తుంది, వెనక సందులో దుమ్ము, పురుగులు, ఎండుగడ్డి అట్టకట్టి ఉంటాయి. మన దగ్గర రోడ్ల మీదే వడ్లు ఆరబోస్తారు, పత్తి ట్రాక్టర్ల నుంచి దూది ఎగురుతుంటుంది. అదంతా చేరేది అక్కడికే. వాటర్ సర్వీసింగ్‌లో ముందు నుంచి ప్రెషర్ గన్ కొడితే ఆ చెత్త ఇంకా లోపలికి దిగబడుతుంది, పల్చటి రెక్కలు పడుకుంటాయి. ఇంజన్ వైపు నుంచి ముందుకి, తోటపైపు ధారతో కడగాలి. అవసరమైతే రేడియేటర్ పైబోల్టులు తీసి కాస్త వెనక్కి వంచి కడిగించండి.

ఇక థర్మోస్టాట్. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత, ఇది అచ్చంగా అదే. బండి హీట్ ఎక్కుతోందంటే "మన ఎండలకి ఇది అక్కర్లేదు సార్" అని దాన్ని తీసి అవతల పారేయడం చాలా గ్యారేజీల్లో అలవాటు. అది తలుపు లాంటిది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వదు. చాలా బండ్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది, ఆ నంబరు దాని మీదే పంచ్ చేసి ఉంటుంది. ఇంజన్‌కి కావలసింది చల్లదనం అనుకుంటాం గానీ దానికి కావలసింది 90 డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా నిలకడగా ఉండే వేడి.

థర్మోస్టాట్ లేకపోతే డిసెంబరు పొద్దున హైవే మీద కూలెంట్ అంతా మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లో తిరిగి చల్లారిపోతుంటుంది. ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మీ మైలేజీ పడిపోయింది అందుకే. హీటర్‌కి విడిగా పొయ్యి ఏమీ ఉండదు, అదే కూలెంట్ డ్యాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటర్ (హీటర్ కోర్) గుండా తిరుగుతుంది, బ్లోయర్ దాని మీదుగా గాలి తోస్తుంది. కూలెంటే గోరువెచ్చగా ఉంటే హీటర్ ఏం చేస్తుంది? లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది, చలికాలం తెల్లవారుజామున సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆ చలిలో, ఘాట్ దిగుతూ యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, థర్మోస్టాట్ లేని ఇంజన్ ఎక్కడ వేడెక్కుతుంది?

అదలా ఉంచితే, దాన్ని తీసేయడం వల్ల ఎండాకాలం లాభమైనా ఉందా అంటే అదీ అన్ని బండ్లలో లేదు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ కింద ఇంకొక బిళ్ల ఉంటుంది. పైన తెరుచుకున్నప్పుడు ఆ బిళ్ల బైపాస్ దారిని మూస్తుంది. మొత్తం తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత వేడి కూలెంట్ రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి పోతుంది. అలాంటి బండిలో థర్మోస్టాట్ పీకితే హీట్ తగ్గకపోగా పెరుగుతుంది.

కొత్తది తెచ్చుకున్నాక బిగించే ముందు పరీక్షించడం నాకు అలవాటు, మీరూ చేయొచ్చు. ఒక పాత గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో అడుగుకి తగలకుండా వేలాడదీసి, స్టవ్ మీద పెట్టండి. నీళ్ల అడుగున బుడగలు లేచి, ఇంకా తెర్లకముందే వాల్వు మెల్లగా విచ్చుకోవడం కంటికి కనిపిస్తుంది. నీళ్లు పూర్తిగా మరిగేసరికి బాగా తెరుచుకోవాలి, దించి చల్లార్చితే గట్టిగా మూసుకోవాలి. కొత్త డబ్బాలోంచి తీసినదే తెరుచుకోని సందర్భాలున్నాయి, అందుకే చెప్తున్నాను. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడకండి. బిగించేటప్పుడు అంచున ఉండే చిన్న పిన్ను లేదా రంధ్రం పైకి ఉండేలా పెట్టమనండి, గాలి బయటికి పోయే దారి అది.

ఓబీడీ బ్లూటూత్ డాంగిల్ (బండి కంప్యూటర్ రీడింగులు ఫోన్‌కి పంపే చిన్న పరికరం) ఒకటి కొనుక్కుంటే ఇవన్నీ ఊహలతో పని లేకుండా తేలిపోతాయి. డ్యాష్‌బోర్డు మీది ముల్లుని నమ్మి లాభం లేదు. చాలా బండ్లలో అసలు నిజం చూపించకుండా దాన్ని సగంలో నిలిపి ఉంచేలా కంపెనీలే సెట్ చేస్తాయి, కొన్నిటిలో ముల్లే ఉండదు, నీలం లైటు, ఎర్ర లైటు అంతే. డాంగిల్ పెట్టి ఫోన్‌లో కూలెంట్ టెంపరేచర్ చూడండి. థర్మోస్టాట్ లేని మీ బండి చలికాలం హైవే మీద 60, 70 దగ్గరే తచ్చాడుతుంటుంది, పీ0128 అనే కోడ్ కూడా పడి ఉండొచ్చు. అది ఇంజన్ తగినంత వేడెక్కడం లేదని చెప్పే కోడ్. ఫ్యాన్ సర్క్యూట్‌లో తేడా అయితే పీ0480 కనిపించొచ్చు. ట్రాఫిక్‌లో 95, 98, 100 దగ్గర ఫ్యాన్ అందుకుని మళ్లీ 90ల్లోకి దించుతుంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. 105 దాటి ఎక్కుతూనే ఉంటే ఆపేయాలి.

హీటర్ విషయంలో ఇంకో రెండు అనుమానాలు మిగిలాయి. థర్మోస్టాట్ పెట్టాక కూడా వేడి గాలి రాకపోతే ఇంజన్ గదిలో, డ్రైవర్ ముందుండే ఇనుప గోడలోకి రెండు సన్నని హోస్ పైపులు పోతుంటాయి, అవి పట్టుకుని చూడండి. రెండూ చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే కూలెంట్ బాగానే తిరుగుతోంది, తప్పు డ్యాష్‌బోర్డు లోపల. నాబ్ తిప్పితే వేడి, చల్ల గాలి దారులు మార్చే తలుపు కదలడం లేదు. పాత రకం నాబ్ ఉన్న బండ్లలో కేబుల్ క్లిప్పులోంచి ఊడిపోతుంది, పెట్టుకోవడం పావుగంట పని. ఒక పైపు వేడిగా, ఇంకోటి చల్లగా ఉంటే హీటర్ కోర్ పూడిపోయింది లేదా ఎయిర్ లాక్ (కూలెంట్ దారిలో గాలి ఇరుక్కోవడం). రెండూ చల్లగా ఉంటే కూలెంట్ అక్కడిదాకా రావడమే లేదు. ఒక్కోసారి ఆ రెండు పైపులు గోడలోకి పోకుండా బయటే ఒకదానికొకటి కలిపేసి కనిపిస్తాయి. ఎప్పుడో హీటర్ కోర్ లీక్ అయితే "ఖమ్మంలో హీటర్ ఎందుకులే" అని ఎవరో బైపాస్ చేసి వదిలేసుంటారు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. మనకు హీటర్ అక్కర్లేదనుకోవడం కూడా పొరపాటే. వానాకాలంలో ముందు అద్దం లోపల ఆవిరి పట్టినప్పుడు ఏసీ, హీటర్ రెండూ కలిపి అద్దం మీదికి వదిలితే నిమిషంలో పోతుంది. ఏసీ తేమని లాగేస్తుంది, హీటర్ ఆ పొడిగాలిని వేడి చేస్తుంది.

కూలెంట్ సంగతి. మీ డబ్బాలో ఉన్నది ఉత్త నీళ్లని రాశారు. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది. బాయిలర్‌లో, గీజర్ రాడ్డు మీద పట్టే తెల్లటి పొరే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ, హీటర్ కోర్‌లోనూ పడుతుంది. ఆ నీళ్లు అల్యూమినియంని కూడా తినేస్తాయి. నీళ్లకి మరో బలహీనత, మరిగే వేడి. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి, లంబసింగి ఎత్తులో దాదాపు 97కే. రేడియేటర్ మూత సుమారు 1 బార్ ప్రెషర్ పట్టి ఉంచడం వల్ల అదే నీళ్లు 120 దాకా మరగకుండా ఆగుతాయి. సగానికి సగం కూలెంట్ కలిపితే అది 130 దగ్గరికి పోతుంది. అంటే మూత రబ్బరు వాషర్ చిట్లితే ఒక్క దెబ్బకి ఆ 20 డిగ్రీల రక్షణ పోయినట్టే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో ఆ 20 డిగ్రీలే బండిని ఇంటికి చేరుస్తాయి. మూత ఖరీదు తక్కువే కాబట్టి అనుమానం ఉంటే మార్చేయండి, దాని మీద ఎన్ని బార్లు అని ఉందో అదే నంబరు తెచ్చుకోండి.

అలాగని నీళ్లు కలపకుండా చిక్కటి కూలెంట్ మాత్రమే పోస్తే ఇంకా మంచిదనుకోకండి. వేడిని మోసుకుపోవడంలో నీళ్లని మించింది లేదు, నీళ్లు కలపని కూలెంట్ మీద ఇంజన్ ఇంకా వేడిగా నడుస్తుంది. కాన్సన్‌ట్రేట్ డబ్బా అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం, రెడీ మిక్స్ అయితే అలాగే. అమెరికాలో, కెనడాలో ఉన్నవాళ్లకి ఈ సగం లెక్క ఇంకా ముఖ్యం, ఆ పాళ్లలో అది సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. ఉత్త నీళ్లైతే గడ్డకట్టి బ్లాకే పగులుతుంది. రంగు చూసి కొనకండి. పచ్చదీ, గులాబీదీ కంపెనీ కంపెనీకి మారుతుంటాయి, మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ చూడండి. రెండు రకాలు కలిస్తే కొన్ని జిగురుగా తయారై దారులు మూస్తాయి. కూలెంట్ విషం, పైగా తియ్యగా ఉంటుంది, పిల్లలు, కుక్కలు ఉన్న చోట నేల మీద పారబోయకండి.

లీకుకి పసుపు వేయమనే సలహా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. హైవేలో, రాత్రిపూట, ఇంటికి చేరాలంటే సరే. ఇంటికొచ్చాక అదంతా కడిగించకపోతే లీకు పూడ్చిన పసుపే హీటర్ కోర్ సన్నని దారుల్ని కూడా పూడుస్తుంది. డబ్బాల్లో అమ్మే లీకు పౌడర్లకీ ఇదే మాట.

కూలెంట్ మార్చాక ఎయిర్ లాక్ తీయకపోతే చేసినదంతా బూడిదలో పోసినట్టే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా ర్యాంపు మీద పెట్టి, మూత తీసి, హీటర్ నాబ్ ఫుల్ వేడి వైపు తిప్పి, మెల్లగా నింపాలి. బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) ఉంటే బుడగలు ఆగి కూలెంట్ ధారగా వచ్చేదాకా వదిలి బిగించాలి. పై హోస్‌ని నొక్కి వదులుతుంటే లోపలి గాలి గుడగుడమంటూ పైకి వస్తుంది. ఇంజన్ ఆన్ చేసి, మట్టం దిగుతుంటే పోస్తూ, పొంగే లోపే మూత పెట్టేసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచాలి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూడండి, కాస్త దిగుతుంది, అది మామూలే. రోజూ దిగుతుంటే మామూలు కాదు.

లీకు వెతకాలంటే ఇంజన్ వేడి మీద వెతికితే దొరకదు, కారింది కారినట్టు ఆవిరైపోతుంది. పొద్దున్నే చూడండి. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచు వెంబడి, హోస్ క్లిప్పుల కింద, వాటర్ పంపు కింద చిన్న రంధ్రం దగ్గర, ఎండిపోయిన కూలెంట్ తెల్లగానో పచ్చగానో పొలుసు కట్టి ఉంటుంది. పక్క సీటు ముందు మ్యాట్ తడిస్తే వేలు పెట్టి చూడండి. నీళ్లలా ఉంటే ఏసీ డ్రైన్ పైపు మూసుకుపోయింది. జిడ్డుగా, తియ్యటి వాసన వస్తే హీటర్ కోర్ కారుతోంది. ఏసీ వేసినప్పుడు బండి కింద చుక్కలు చుక్కలుగా పడే నీళ్లకి టెన్షన్ పడకండి, అది గాలిలోని తేమ.

రోడ్డు మీద హీట్ ఎక్కితే ఏం చేయాలో కూడా చెప్తాను, ఈ రిపేర్లన్నీ అయ్యేలోపు మీకు అవసరం పడొచ్చు. ముల్లు పైకి పాకడం మొదలవగానే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్ పెట్టండి. మే నెలలో నరకమే గానీ ఇంజన్ వేడిలో కొంత భాగం లోపలికి లాగేస్తుంది. ఎర్ర లైటు వచ్చినా, ఆవిరి కనిపించినా పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. "పెట్రోల్ బంకు ఇంకో 2 కి.మీ.యే కదా" అనుకునే చోటే హెడ్ వంగిపోతుంది. అరగంట, ముప్పావుగంట ఆగాక, పై హోస్ చేత్తో నొక్కితే మెత్తగా ఉంటేనే, మూత మీద మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ఫౌంటెన్‌లా ముఖాన కొడతాయి.

ఒక సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. హీటర్ వేసినప్పుడు వేడి గాలి వస్తూ వస్తూ హఠాత్తుగా చల్లబడి, ఇంజన్ మాత్రం బరువుగా లాగుతుంటే, లోపల కూలెంట్ అయిపోయింది. సెన్సర్ కూడా అప్పుడు ఆవిరిలో వేలాడుతుంటుంది కాబట్టి ముల్లు కిందికి దిగినా దిగొచ్చు. అది చూసి "హమ్మయ్య, తగ్గింది" అనుకుని లాగించేసి ఇంజన్ సీజ్ చేసుకున్నవాళ్లున్నారు.

ఇక మీ మూడో మెకానిక్ మాట. అతను ఏం చూసి హెడ్ గ్యాస్కెట్ అన్నాడో అడగండి. "బుడగలు వస్తున్నాయి" అంటే, మీ బండిలో అవి ఎయిర్ లాక్ బుడగలు కూడా కావచ్చు, థర్మోస్టాట్ తీసినప్పుడు ఎయిర్ ఎవరూ తీసి ఉండరు. నిజంగా గ్యాస్కెట్ పోతే ఆ బుడగలు ఎంతకీ ఆగవు. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషం, రెండు నిమిషాల్లోనే, వేడెక్కక ముందే, పై హోస్ రాయిలా గట్టిపడుతుంది. బయట ఎక్కడా లీకు లేకుండా మట్టం దిగుతూ ఉంటుంది. సైలెన్సర్ నుంచి వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ, తియ్యటి వాసన. ఆయిల్ స్టిక్ మీద పాలమీగడ లాంటి పదార్థం. ఆయిల్ మూత కింద మాత్రమే కొంచెం మీగడ కనిపిస్తే చలికాలంలో దగ్గర దగ్గర తిరిగే బండ్లకి అది తేమ వల్ల కూడా వస్తుంది, దాన్ని పట్టుకుని హెడ్ విప్పకూడదు.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా లీక్ టెస్టర్ పెట్టించండి. రేడియేటర్ నోటి దగ్గర గాజు గొట్టంలో నీలం ద్రవం పోసి, రేడియేటర్‌లో కూలెంట్ పైన ఉన్న గాలిని దానిలోంచి లాగుతారు. సిలిండర్లోని గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే ఆ ద్రవం పసుపు రంగుకి మారుతుంది. దానితో పాటు అన్ని సిలిండర్లకీ కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) చూపించండి, పక్కపక్క సిలిండర్లు రెండు మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తే గ్యాస్కెట్ వాటి మధ్య పోయినట్టు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ పరికరాలున్న షాపులు సులువుగా దొరుకుతాయి, రేడియేటర్ విప్పి గొట్టాలు శుభ్రం చేసేవాళ్లూ అక్కడే ఉంటారు. ఖమ్మం నుంచి బండి తోలుకుపోవాలంటే పొద్దున్నే చల్లగా ఉండగానే బయల్దేరండి, మీ బండి పోతుంటే హీట్ ఎక్కదు కాబట్టి దారిలో కష్టం లేదు. ఊళ్లోకి చేరాక బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లోనే అసలు పరీక్ష.

మీరైతే ముందు ఫ్యాన్ సంగతి తేల్చి, థర్మోస్టాట్ తిరిగి పెట్టించి, కూలెంట్ మార్పించి, ఎయిర్ తీయించండి. అవన్నీ అయ్యాక ఏసీ గ్యాస్ మొత్తం తీయించి, స్టిక్కర్ మీద ఉన్నన్ని గ్రాములే మళ్లీ ఎక్కించమనండి. తర్వాత వారం రోజులు డాంగిల్ రీడింగు, పొద్దుటిపూట కూలెంట్ మట్టం రెండూ కాగితం మీద రాసి పెట్టుకోండి. సిగ్నల్ దగ్గర ఏసీ వేసి ఉండగా 100 లోపే నిలబడి, మట్టం కదలకపోతే హెడ్ జోలికి పోనక్కర్లేదు. బయట లీకు లేకుండా మట్టం రోజూ దిగుతూ, లీక్ టెస్టులోనూ అదే తేలితే మాత్రం ఆలస్యం చేయకండి, గ్యాస్కెట్ పని ఒప్పుకోండి. విప్పాక హెడ్ వంపు కొలిపించి, అవసరమైతే ఫేసింగ్ (హెడ్ అడుగుని సమంగా చెక్కడం) చేయించి, క్రాక్ టెస్ట్ చేయించాకే బిగించమనండి. హెడ్ బోల్టులు కొత్తవి వేయమని మాన్యువల్‌లో ఉంటే కొత్తవే వేయించండి, టార్క్ రెంచ్ లేకుండా చేత్తో బిగించే షాపులో ఆ పని ఇవ్వకండి.